బోథ్‌ల విప్పిన పెట్టె

ట్రాక్టర్ ముచ్చట తెల్లారేసరికి మంచిర్యాల దాకా పోయింది. ఏడు కొట్టకముందే జ్యోతిరాణికి మూడు ఫోన్లు వచ్చినయి. మూడోది ఎవరో దూరపు చుట్టం. మీ మరిది అమ్మిన కారును తాడు కట్టి గుంజుకొచ్చిండ్రట గద, వీడియో చూసినం అని అడిగేసరికి, పొయ్యి మీద పాలు పొంగుతున్నయని చెప్పి పెట్టేసింది. పొయ్యి మీద పాలూ లేవు, నీళ్లూ లేవు. ఆ ఇంట్ల నిన్నటిసంది ఎవరూ సక్కగ తిన్నది లేదు.

చూసినోళ్లది తప్పేమున్నది? చొప్పదండి రైసుమిల్లు మల్లన్న కారంటే మామూలు కారా? పెట్రోలు వాసన తెల్వని కరెంటు బండి, కరీంనగర్‌ల కొత్త కంపెనీ అమ్మిన మొట్టమొదటి బండి. గసొంటిది నిన్న మిల్లు వాకిట్ల అడుగు కదలకుంట నిలబడితే మల్లన్నకు కోపం నెత్తికెక్కింది. వడ్ల ట్రాక్టర్‌కు తాడు కట్టించి, తను స్టీరింగ్ పట్టుకొని కూసొని, కరీంనగర్ కమాన్ చౌరస్తా మీదికెల్లి ఊరంత చూడంగ గుంజించుకొచ్చి షోరూం ముందట ఇడిసిపెట్టి పోయిండు. పొద్దుగూకకముందే దసరాకు బుక్ అయిన తొమ్మిది బండ్లల్ల రెండు వద్దన్నరు.

జ్యోతిరాణి భర్త సంపత్ అరుగు మీద కూసొని బూటు లేసు కడుతుండు. కట్టిందే విప్పి మళ్ల కడుతుండు. యాభై ఏండ్ల మనిషి, షోరూం వర్క్‌షాపుకు పెద్ద మిస్త్రి, లేసు ముడి రానట్టు చేస్తుంటే జ్యోతిరాణి గుమ్మంల నిలబడి చూసింది.

పై అంతస్తు నుంచి తమ్ముడు శ్రావణ్ దిగి వచ్చిండు. షోరూం పెట్టింది ఆయననే. చేతిల ఫోన్ ఉన్నది, కండ్లు ఎర్రగున్నయి. అరుగు మీద అన్న పక్కనే కూలబడ్డడు. కంపెనీ నుంచి రాకేశ్ అని ఒక ఇంజనీర్ పదకొండింటికి వస్తుండట. బండి కింద బ్యాటరీ పెట్టె ఉంటది కద, దాని మూతలకు కంపెనీ వేసిన గమ్ము సీలు అట్లనే ఉంటే పెట్టె మొత్తం కొత్తది ఇస్తరట, మల్లన్నకు పైసా ఖర్చు ఉండదట. ఎవరన్న బయటోళ్లు చెయ్యి పెట్టినట్టు కనపడితే మాత్రం తమకు సంబంధం లేదని అంటున్నరట.

“అన్నా, ఒక్కటే అడుగుత. మన దగ్గర ఎవరన్న ఆ పెట్టె మూత విప్పిండ్రా?”

సంపత్ లేసు దిక్కే చూసుకుంట, “ఎవ్వలు ముట్టలే” అన్నడు.

అన్నంక ఆ మాటను వెనుకకు తీసుకుందామనుకున్నడు. నాలిక లేవలే.

“ఇగ నాకు ఫికర్ లేదు” అన్నడు శ్రావణ్. నిజంగనే ఆ ముఖంల ఒక బరువు దిగినట్టు కనపడ్డది. “నువ్వు అన్నవంటే అంతే. వాళ్లతోటి ఎంత దూరమన్న పోత. మన తప్పు లేనప్పుడు ఎందుకు భయపడాలె.”

మంచంల కూసున్న తండ్రి రాయమల్లు అప్పటిదాక చాయ్ గ్లాసు పట్టుకొని వింటున్నడు. ముప్పై నాలుగేండ్లు గోదావరిఖని బొగ్గుబాయిల దిగిన మనిషి. కరెంటు కార్ల సంగతి ఆయనకు అర్థం కాదు. కాని మాట వచ్చిందంటే బాయి ముచ్చట తీయకుంట ఉండడు. బాయిల ఒక సర్దార్ ఉంటుండెనట. షిఫ్ట్ దిగేముందు కట్టెతోటి నెత్తి మీది కప్పు కొట్టి చూసి, మంచిగున్నది అంటెనే మిగిలినోళ్లు లోపటికి పోయేదట. అటెనుక ఎవలూ మళ్ల కొట్టి చూడకపోదురట.

“మాకేం ఎరుక కొడుకా, పైన బండ ఎట్లున్నదో. ఆయన నోటి మీదనే కదా మా పానాలు” అన్నడు ముసలాయన. “మన సంపత్ గసొంటోడు. నువ్వు పరేషాన్ గాకు.”

సంపత్‌కు ఆ అరుగు కింద నేల పగిలితే అందుల దూరిపోదామనిపించింది. టిఫిన్ వద్దని లేచి స్కూటర్ తీసిండు. జ్యోతిరాణి గేటు దాకా వచ్చి, ఏమైంది నీకు అని మెల్లగ అడిగింది. ఏం లేదు అన్నడు. పొద్దున్నుంచి అది రెండో అబద్ధం.

*

షోరూం రేకుర్తి దిక్కు బైపాసు మీద ఉన్నది. ఇంటి నుంచి పావుగంట. ఆ పావుగంటల సంపత్ తనను తాను ఎంత తిట్టుకున్నడో ఆయనకే ఎరుక.

ఇరవై రెండేండ్లు ఆయన పాత కంపెనీల చేసిండు. పాత కంపెనీ అంటే కరీంనగర్‌ల ఎవరినడిగినా చెప్తరు. డాక్టర్లు, గ్రానైట్ కంట్రాక్టర్లు, మిల్లు సావుకార్లు ఎక్కి తిరిగే కార్లు వాళ్లయే. ఆ కార్ల పానమంత సంపత్ చేతులల్ల ఉండేది. ఇంజన్ సప్పుడు విని రోగం చెప్పేటోడు. ఇంకొక సంగతి ఉన్నది. ఈ ఊర్ల పెద్ద కారు కొనేటోడు పేపర్ల బొమ్మ చూసి కొనడు, బ్యాంకోడు చెప్పిండని కొనడు. పోయి మిస్త్రిని అడుగుతడు. మిస్త్రి తీసుకో అంటే తీసుకుంటడు. మిస్త్రి మూతి విరిస్తే ఇంటికి పోతడు.

శ్రావణ్ షార్జాల పదకొండేండ్లు పెద్ద కార్ల యార్డుల పనిచేసి వచ్చినోడు. అక్కడ వందేండ్ల పేరున్న కంపెనీలను నిన్న మొన్న పుట్టిన కరెంటు కంపెనీలు ఎట్ల తోసుకుంట పోతున్నయో కండ్లార చూసి వచ్చిండు. ఈ డీలర్‌షిప్ మాట మీదికి వచ్చినప్పుడు ఆయన మొదలు బ్యాంకుకు పోలే, అన్న దగ్గరికి వచ్చిండు. నువ్వొస్తనంటేనే షోరూం పెడుత, రానంటే మళ్ల ఫ్లైట్ ఎక్కుత అన్నడు. తమ్ముడు అట్ల అడిగితే ఏ అన్న కాదంటడు? సంపత్ పాత కంపెనీ మేనేజర్ గోపాల్‌కు దండం పెట్టి వచ్చేసిండు.

గోపాల్ మంచోడు, కోపం పెట్టుకోలే. పోయిన మంగళవారం చాయ్ హోటల్‌కాడ కలిస్తే సంపత్ భుజం మీద చెయ్యేసి మాట్లాడిండు. మీ బండ్లను మేం తక్కువ చెయ్యం, మా దానికన్న పరుగు ఎక్కువ, సప్పుడు తక్కువ, మావోళ్లు గుడ వచ్చే ఏడు కరెంటుది తెస్తుండ్రని అన్నడు. అటెనుక చాయ్ ఊదుకుంట ఒక మాట అన్నడు. అది సంపత్ చెవుల ఇంక మోగుతనే ఉన్నది.

“కాని బండి ఆగిపోతే నా దగ్గర పదిమంది మనుషులున్నరు, స్టోర్ల సామానున్నది. నీ దగ్గర ఏమున్నది సంపత్? ఒక ఫోన్ నంబర్ ఉన్నది.”

ఆ ఫోన్ నంబర్ సంగతి సంపత్‌కు బోథ్‌లనే తెలిసొచ్చింది.

శ్రావణమాసంల మల్లన్న కొడుకు పెండ్లి అయింది. పిల్లది నిర్మల్ అవతలి బోథ్. పెండ్లికొడుకు కొత్త కార్లనే పోవాలని మల్లన్న పట్టు పట్టిండు. దూరపు బాట కద, బామ్మర్దిని పిలిచినట్టు పిలిచి సంపత్‌ను ముందట సీట్ల కూసోపెట్టుకున్నడు. లాంగ్ పోయేటప్పుడు మిస్త్రిని వెంట తీస్కపోవుడు ఈ దిక్కు అలవాటే. నిర్మల్ దాటినంక వాన. బోథ్ దగ్గరపడ్డంక వాగు మీద నీళ్లు పారుతున్నయి. బండి ఆ నీళ్లు దాటి విడిదింటి ముందు దాకా పోయి నిలబడ్డది. నిలబడ్డది ఇగ కదలలే.

బరాత్‌కు మూడు గంటలున్నది. సంపత్ కంపెనీ నంబర్‌కు కొట్టిండు. ఒక పిల్ల తియ్యగ మాట్లాడి, మూడు రోజులల్ల మనిషి వస్తడు, అప్పటిదాక బండిని ముట్టొద్దు అన్నది. ఇంతల పిల్లదాని మేనమామ వచ్చిండు. దూది మిల్లు ఆయనది, వాకిట్ల పాత కంపెనీ కారు తళతళ మెరుస్తున్నది.

“కాయ్ ఝాల పావ్‌ణే, ఏమైంది చుట్టాలూ, మీ బండికి కునుకు పట్టిందా? మా బండి తోలుమనాల్నా?”

చుట్టు ఉన్నోళ్లు ఇకఇక నవ్విండ్రు. మల్లన్న వాళ్లనేం అనలే. తిరిగి సంపత్ దిక్కు చూసిండు. నువ్వు తీసుకోమంటేనే కద తీసుకున్న, అన్నట్టుండె ఆ చూపు.

ఆ చూపుకే సంపత్ ఆగలేకపోయిండు. బెంగళూరుల ఎనిమిది రోజులు ట్రైనింగ్ ఇచ్చినప్పుడు కంపెనీవాళ్లు చిలకకు చెప్పినట్టు చెప్పిండ్రు. పెట్టెను దింపొచ్చు, ఎక్కియ్యొచ్చు, మూత మాత్రం విప్పొద్దు. విప్పనని సంతకం గుడ పెట్టించుకున్నరు. కాని సంపత్‌కు చేతకాలే అనే మాట జిందగీల ఒక్కసారి గుడ వినని మనిషి ఆయన. బండిని దూది మిల్లుల లారీలు చూసే గుంత మీదికి నూకించి, షట్టర్ గుంజి, రబ్బరు గ్లౌజులు తొడుక్కొని వెనుక మూత విప్పిండు. లోపట వైర్లు కలిసేకాడ చెంచెడు నీళ్లున్నయి. తుడిచి, ఆరబెట్టి, తన సంచిల ఉన్న నల్ల గమ్ము పెట్టి మూసిండు. రెండు గంటలు పట్టింది. బండి లేచింది. బరాత్ ఆ కార్లనే పోయింది. మల్లన్న నలుగుట్ల పిలిచి కొత్త టవల్ కప్పిండు. ఆ పొద్దు సంపత్ ఛాతి ఎంత పొంగిందో చెప్పనలవి కాదు.

ఏం చేసినవని అడిగినోళ్లకు, జర ఆరబెట్టిన అని చెప్పిండు. శ్రావణ్‌కు గుడ అదే చెప్పిండు. అసలు సంగతి తెల్లారి చెప్దామనుకున్నడు. తెల్లారి శ్రావణ్ కొత్త గిరాకీతోటి ఉన్నడు. వారంల మల్లన్న మాట విని ముగ్గురు వచ్చిండ్రు. శ్రావణ్ ముఖం వెలిగిపోతుంటే ఎట్ల చెప్తడు? చెప్పుడు ఎంత ఆలస్యమయితే అంత బరువైంది.

ఇప్పుడు పెట్టె ఎందుకు పాడైందో సంపత్‌కు తెల్వదు. తన చెయ్యి పడ్డందుకా, కంపెనీ లోపమా? ఎవరినన్న అడుగుదామంటే విప్పిన సంగతి చెప్పాలె.

*

రాకేశ్ చెప్పిన టైంకే దిగిండు. పాతికేండ్ల పిల్లగాడు, మర్యాదగ మాట్లాడుతుండు. మల్లన్న గుడ వచ్చి ఒక కుర్చీ గుంజుకొని కాలు మీద కాలేసుకొని కూసున్నడు. ఎవరి దిక్కు చూస్తలేడు.

రాకేశ్ బండికి కంప్యూటర్ తగిలించి చాలాసేపు చూసిండు. ఆగస్టుల ఒక రోజు రెండు గంటలు బండిల కరెంటు మొత్తం బంద్ అయినట్టు చూపిస్తుంది, ఆ రోజు ఏమైందని అడిగిండు.

శ్రావణ్ అన్న దిక్కు తిరిగిండు. అడిగింది బయటి మనిషి. అడిగిన తీరుల తప్పు పట్టుడు లేదు. ఇప్పుడన్న చెప్పొచ్చు, చెప్తే సగం పాపం పోతది అని సంపత్‌కు అనిపించింది. కాని మల్లన్న అక్కడనే కూసొని ఉన్నడు. ఆయన కప్పిన టవల్ యాదికొచ్చింది.

“వాగు నీళ్లల్ల పోయింది సార్. ఆరినంక అదే లేచింది” అన్నడు.

రాకేశ్ అదే రాసుకున్నడు. బండిని లిఫ్టు మీద లేపిండ్రు. పిల్లగాడు టార్చి పట్టుకొని పెట్టె చుట్టు తిరిగిండు, ఎక్కడన్న పగులు ఉన్నదా, బోల్టు మీద గీత పడ్డదా అని చూసిండు, ఫోటోలు తీసిండు. వెనుక మూతకాడ గుడ తీసిండు. అక్కడ టార్చి జరసేపు ఆగింది. టార్చి ముందుకు పోయింది.

“అంతా సరిగ్గానే ఉంది సార్” అన్నడు రాకేశ్. “సీలు మా ఫ్యాక్టరీదే. ఎవరూ ముట్టలేదు.”

అప్పుడు శ్రావణ్ కింద దూరిండు. ఎందుకు దూరిండో ఆయనకే ఎరుక, సంతోషం పట్టలేక కావచ్చు, మల్లన్నకు చూపిద్దామని కావచ్చు. పెట్టె అంచు మీద వేలు పెట్టి రాసుకుంట వెనుకదాక పోయిండు. వెనుక మూత మీదికి వచ్చేసరికి వేలు ఆగింది. మళ్ల ముందుకు వచ్చి మళ్ల వెనుకకు పోయిండు.

బయటికి వచ్చి అన్న ముఖంలకు చూసిండు.

సంపత్ ఆ చూపును చూసిండు. చూసి, తలకాయ పక్కకు తిప్పి, లిఫ్టు బటన్‌కాడ ఏదో సదురుతున్నట్టు నిలబడ్డడు. శ్రావణ్ అట్లనే చూస్తనే ఉన్నడు. రాకేశ్ కాగితం, పెన్ను ముందట పెట్టి, ఇక్కడ సార్ అని రెండుసార్లు అన్నంక గని కదలలే. మా మనుషులెవరూ పెట్టెను విప్పలేదని ఆ కాగితంల ఉన్నది. శ్రావణ్ సంతకం పెట్టిండు.

కొత్త పెట్టె పదిరోజులల్ల వస్తదని, దసరాకు బండి వాకిట్ల ఉంటదని రాకేశ్ చెప్పేసరికి మల్లన్నకు నెత్తిన పాలు పోసినట్టయింది. కాలు దించి లేచి వచ్చిండు. ట్రాక్టర్ కట్టి తెచ్చుడు తన తప్పే అన్నడు, కోపంల అయిందన్నడు. సంపత్ రెండు చేతులు పట్టుకున్నడు.

“నిన్ను అనుమానించిన సంపత్. మనసుల పెట్టుకోకు. ఇయ్యాలనే అందరికి ఫోన్ కొట్టి చెప్త, కంపెనీ మాట తప్పలేదని.”

సంపత్ ఏదో గొణిగిండు. ఏం గొణిగిండో ఆయనకే తెల్వదు. ఆ రెండు చేతులు ఎప్పుడు ఇడుస్తడా అని చూసిండు.

*

నాలుగు కొట్టినంక షోరూంల జనం పలుచబడ్డరు. శ్రావణ్ అద్దాల క్యాబిన్‌ల కూసొని కాగితాలు సదురుతుండు. సంతకం పెట్టినప్పటిసంది అన్నను పిలవలే, అన్నం తిన్నవా అని అడుగలే. సంపత్ క్యాబిన్ ముందట రెండుసార్లు అటు ఇటు తిరిగిండు. మూడోసారి తలుపు తీసుకొని లోపటికి పోయిండు.

“శ్రావణ్, బోథ్‌ల ఆ మూత నేనే విప్పిన.”

శ్రావణ్ తల లేపలే. “ఎరుకే” అన్నడు.

సంపత్ కుర్చీ పట్టుకొని నిలబడ్డడు. ఎప్పటిసంది ఎరుకని అడిగిండు.

“పన్నెండున్నర సంది. కంపెనీ మిషను పెట్టిన గమ్ము అంచు మొరటుగ ఉంటది. వెనుక మూతకు మాత్రం నున్నగున్నది, బొటనవేలు తడి చేసుకొని తుడిచినట్టు. గోదావరిఖని క్వార్టర్ల మన బాపు గడియారం పగిలితే నువ్వు అట్లనే అతికిచ్చినవు. నా సైకిల్ ట్యూబుకు అట్లనే పెట్టేటోనివి. రాకేశ్‌కేం తెలుస్తది అన్నా, నాకు తెలుస్తది గాని.”

కోపంగ అంటే బాగుండు. తిడితే, కాగితాలు మొఖాన కొడితే సంపత్ తట్టుకుంటుండె. శ్రావణ్ గొంతుల కోపం లేదు. ఏదో పోగొట్టుకున్నోని తీరు మాట్లాడుతుండు.

“బయటికి వచ్చి నీ దిక్కు చూసిన. ఎంతసేపు చూసిన. ఒక్కసారి తలకాయ ఊపినా ఆ పెన్ను ముట్టకపోదును.”

“చెప్తే షోరూం పోతుండె” అన్నడు సంపత్.

“పోతుండె కావచ్చు. ఇద్దరం పోయి మల్లన్న కాళ్లు పట్టుకుందుము.” శ్రావణ్ అప్పుడు తల లేపిండు. “పాత కంపెనీకి వందేండ్ల పేరున్నది. వాళ్లతోటి కొట్లాడనీకె మనకేమున్నదన్నా? బండి మంచిదే, కాదనను. కాని బండి చూసి ఎవలొచ్చిండ్రు ఇక్కడికి? నీ నోటి మాట మీద వచ్చిండ్రు. నేను షోరూం పెట్టింది బైపాసు మీద కాదు, నీ మాట మీద పెట్టిన.”

సంపత్‌కు ఏడుపొచ్చింది. తమ్ముని ముందట ఏనాడూ ఏడ్వని మనిషి, కండ్లు తుడుచుకొని ఫోన్ తీసిండు. రాకేశ్ వాపస్ పోతుండు, ఇంక సిద్దిపేట గుడ దాటి ఉండడు, ఇప్పుడే చెప్త అన్నడు. తప్పు నాది, నాకే శిక్ష వెయ్యుమంట, నా పేరు రాసుకొమ్మంట అన్నడు.

శ్రావణ్ ఆపలే. ఆపితే ఎంత బాగుండు అనుకున్నడు సంపత్. తమ్ముడు మెల్లగ లెక్క చెప్పినట్టు చెప్పిండు. ఇప్పుడు చెప్తే మల్లన్నకు కొత్త పెట్టె రాదు, అబద్ధం రాసిచ్చిండని శ్రావణ్ మీదికి వస్తది. చెప్పకపోతే పాత పెట్టె ఫ్యాక్టరీకి పోతది, అక్కడ మూతలన్ని విప్పి చూస్తరు. విప్పంగనే తెలుస్తదో, ఎన్నటికి తెల్వదో దేవునికెరుక. పొద్దుగాల అరుగు మీద అడిగినప్పుడు ఒక్క మాట అంటే ఇదంత లేకపోవు.

“పొద్దుగాల ఎందుకు చెప్పలేదన్నా?”

సంపత్ దగ్గర జవాబు ఉన్నది గని అది చెప్పుకునే తీరు లేదు. తమ్ముని కండ్లల్ల చిన్నగయితనని భయపడ్డడు, అంతే. ఆ భయానికే ఇప్పుడు ఇంత చిన్నగయిండు. ఫోన్ చేతిల అట్లనే ఉన్నది. రాకేశ్ నంబర్ తీసి పెట్టుకున్నడు గని వేలు పోతలేదు.

బయట కారు ఆగింది. సంపత్ చూడకుంటనే గుర్తుపట్టిండు. పాత కంపెనీ బండి, ముకరంపుర పిల్లల డాక్టర్ నవీనది. పన్నెండేండ్లు ఆ ఇంజన్ విప్పింది, బిగించింది ఆయననే. సంపత్ బిడ్డకు చిన్నప్పుడు నిమోనియా వస్తే మూడు రోజులు కంటికి రెప్పలెక్క చూసుకున్నది ఆ డాక్టరమ్మనే. గీమె పాతది ఇడిసి కొత్తది తీసుకుంటే ఊర్ల డాక్టర్లంత చూస్తరని శ్రావణ్ ఏడాదిసంది ఎదురుచూస్తుండు.

ఆమె గబగబ లోపటికి వచ్చింది. మల్లన్న బిడ్డ కొడుకును వైద్యానికి తన దగ్గరికే తీసుకొస్తరట. ఇంతకుముందే మల్లన్న ఫోన్ చేసి, కంపెనీ కొత్త పెట్టె ఇస్తున్నదని, సంపత్ మాట నిలబడ్డదని చెప్పిండట. తన బండి పాతదైందని, మార్చాలని ఎన్నిరోజుల నుంచో అనుకుంటున్నదట. ట్రాక్టర్ వీడియో చూసి వద్దనుకున్నదట. మల్లన్న మాట విన్నంక సంపత్‌నే అడిగి పోదామని వచ్చిందట.

శ్రావణ్ లేచి నిలబడ్డడు. దండం పెట్టిండు. మామూలుగ అయితే ఎదురుపోయి, బండి చూపించి, పది మాటలు చెప్పేటోడు.

“అన్నను అడుగుండ్రి డాక్టరమ్మా” అన్నడు. “ఆయన ఏం చెప్తే అదే.”

సంపత్ ఫోన్ జేబుల పెట్టుకొని క్యాబిన్ బయటికి వచ్చిండు. కూసోండ్రి డాక్టరమ్మా, చాయ్ తెప్పిస్త అన్నడు.

“కూసునే టైం లేదు సంపత్, క్లినిక్‌ల పిల్లలు లైన్ల ఉన్నరు” అన్నది ఆమె. “బండ్ల సంగతి నాకేం తెల్వదు. తీసుకోవాల్నా వద్దా, అదొక్కటి చెప్పు. నువ్వు చెప్తే ఇంకెవర్నీ అడుగ.”

సంపత్ తమ్ముని దిక్కు చూసిండు. శ్రావణ్ తలుపుకాడ నిలబడి ఆయన దిక్కే చూస్తుండు.